అంగడియు కొసరును

కొనుటకు, అమ్ముటకు చరిత్ర కలదని మనము సాధారణముగా తలంపము. రాజుల యుద్ధములకు తేదీలు గుర్తుంచుకొందుము. గృహిణి ఉప్పు కొనిన తీరు ఎప్పుడు మాఱెనో విచారింపము. కాని సామాన్యుల జీవనము మాఱిన క్రమమును తెలిసికొనగోరువాడు ముందుగా పోవలసినది అంగడికే.

తెలుగు సాహిత్య మేనాడును అంగడికి దూరము కాలేదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వెలయించిన అభయశాసనము ఓడవర్తకులకు రక్షణను, సుంకములకు నియతిని కల్పించెను. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి యను వర్తకునకు అంకితమిచ్చెను. క్రీడాభిరామము మనలను ఓరుగల్లు వీథులలో త్రిప్పును. అయినను పల్లెవానికి అంగడి నిత్యావసరము కాదు. తిండిగింజలు పొలమునుండి వచ్చును. ఉప్పు, బట్ట, కుండ, గాజులు మాత్రము వారమున కొకనాడు సంతలో దొరకును. అచ్చట వెల ముందుగా వ్రాసియుంచిన అంకె కాదు, ఇద్దఱి సంభాషణలో తేలునది. బోణీ, బేరము, కొసరు అను మాట లా సంభాషణలో పుట్టినవే.

పొలము లేనివాడు కొనుగోలుదారుడైనప్పు డేమగునో చూపుటకు జంషెడ్‌పూరు మంచి నిదర్శనము. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడెను. మఱుసటి యేడు సాక్చీ గ్రామమున నిర్మాణము మొదలయ్యెను. 1911 డిసెంబరులో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వెలువడెను. 1919లో సాక్చీకి జంషెడ్‌పూరనియు, కాళీమాటి స్టేషనునకు టాటానగర్ అనియు పేళ్లు పెట్టిరి. శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములనుండి రైలులో వచ్చిన తెలుగు కార్మికు లిచ్చట స్థిరపడిరి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము నేటికిని వారి ఉనికికి సాక్షి.

నగరమునకు తూర్పున నున్న పేట సిద్ధగోరా. ఛోటానాగపూరు మెట్టనేలలో పండు ఒక వడ్లరకమునకు గోరాధాన్యమని పేరు. ఆ పేట పేరు వినగానే కర్మాగారమునకు ముందున్న మెట్టపొలములు మనసున మెదలును. సంథాలులు, హోలు, ముండాలు, భూమిజులు కలిసికొను వారపుసంతను ఇచ్చట హాట్ అందురు. ఉక్కు నగరముకంటె ఈ సంత సంప్రదాయము ప్రాచీనమైనది. నగరమునకు పథకములు వ్రాసినవారు పెక్కుమంది. 1940వ దశకమున ఆటో కోనిగ్స్‌బర్గర్ పేట పేటకును దాని వసతులు దానికే ఉండవలెనని ప్రణాళిక వేసెను. ఎన్ని పథకములు వచ్చినను నేలమీద గంపలు పెట్టుకొని కూర్చుండు ఆదివాసి స్త్రీ మాత్రము పోలేదు.

పల్లెలో కుంచముతో, మానికతో గింజలు కొలుచుకొనిన తెలుగు కుటుంబము ఇచ్చట బియ్యపుగింజనుండి అగ్గిపెట్టెవఱకు అన్నియు జీతపురాళ్లతోనే కొనవలసివచ్చెను. జీతము నెల కొకమాఱు వచ్చును. ఆకలి దినదినము వచ్చును. ఈ రెంటి నడుమ నిలిచినది దుకాణదారుని అప్పుపద్దు. 1929లో నియమితమైన విట్లీ కార్మిక కమిషను 1931 నాటి నివేదికలో, దేశమందలి పారిశ్రామిక కార్మికులలో అధికసంఖ్యాకులు ఋణగ్రస్తులనియు, ఆ ఋణము తఱచు మూడునెలల జీతమును మించుననియు తెల్పెను. కావున పాత అంగడిని కేవలము స్నేహస్థానముగా వర్ణించుట సత్యము కాదు. చదువురానివానికి ఆ పద్దు సంకెల కూడ అయ్యెను.

నిర్ణీత వెల అనునది ఈ దృష్టితో చూచిన ఒక విమోచనము. 1852 తరువాత పారిస్‌లోని బాన్‌మార్షే వంటి పెద్ద దుకాణములు ఆ పద్ధతిని ప్రచారము చేసెను. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున పిగ్లీ విగ్లీ అను దుకాణము సరకును కొనువాడే స్వయముగా తీసికొను ఏర్పాటు చేసెను. మన దేశమున 1957లో పదునాఱు అణాల రూపాయి నూఱు పైసలయ్యెను. 1958నుండి దశలవారీగా వీసెలు, శేర్లు తొలగి కిలోగ్రాములు వచ్చెను. మోసమునకు చోటు తగ్గెను. నేడు నోరు మెదపకయే చేతిలోని ఫోనుతో సరకు తెప్పించుకొనవచ్చును.

లాభము స్పష్టము. నష్టము మాత్రము మాటలలో నున్నది. కొసరునే చూడుడు. ఒకటి కొనిన ఒకటి ఉచితమను ప్రకటన కొసరు కాదు. కొసరు కొనువాడు నోరు తెఱచి అడుగునది, అమ్మువాడు ఆ ముఖము చూచి వేయునది. బియ్యము కిలోలకు మాఱినంత సులభముగా ఆ మాటకు మాఱుమాట దొరకదు. పరదేశమున తెలుగు గృహిణి హిందీ అంకెలు నేర్చినది ఏ బడిలోను కాదు, కూరగాయల గంపయెదుటనే. ఆ గంపవద్ద ఒక భాష కొన్ని మాటలు విడుచును, కొన్ని మాటలు కూర్చుకొనును.

మన కథలలో పొలము వచ్చినంతగా జీతపునాటి సాయంకాలపు దుకాణము రాలేదు. జంషెడ్‌పూరు, ఖరగ్‌పూరు తెలుగు పేటలలోని వృద్ధుల నోట ఆ పద్దుల మాటలు, కొలతల మాటలు ఇంకను నిలిచియున్నవి. శాసనములను అచ్చొత్తించినంత శ్రద్ధతో వీనిని వ్రాసికొనుట రచయితల పని. వారితో అవి పోయినచో ఆ తరము ఏమి కొన్నదో లెక్కలలో దొరకవచ్చును, ఎట్లు బ్రతికినదో దొరకదు.