పాత కార్ యాంప్లిఫైయర్ మీది అంకెను ఎంత నమ్మవచ్చు?

అమెరికాలో ఆరిజోనాకు చెందిన ఓరియన్ కంపెనీ చేసిన పాత యాంప్లిఫైయర్లలో 225 హెచ్‌సీసీఏ అని ఒకటుంది. పేరులోని మొదటి 2 రెండు చానళ్లకు గుర్తు, తర్వాతి 25 ఒక్కో చానల్ ఇచ్చే వాట్లకు. ఇవాళ సెల్‌ఫోన్ చార్జరే 25 వాట్లది వస్తోంది. అయినా ఈ పాత పెట్టె కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. పేరు చూసి ధర కట్టేవాడు దీన్ని ఇనుప సామాను కింద అమ్మేస్తాడు. తెలిసినవాడు ముందు దాన్ని తిరగేసి ఫ్యూజులు, తీగల మందం చూస్తాడు.

కిటుకు పేరులోనే ఉంది. హెచ్‌సీసీఏ అంటే హై కరెంట్ కాంపిటీషన్ యాంప్లిఫైయర్. ఆ 25 వాట్లు 4 ఓముల స్పీకర్ తగిలించినప్పటి లెక్క. వోల్టేజీ వర్గాన్ని ఓములతో భాగిస్తే వాట్లు వస్తాయి కాబట్టి, 4 ఓముల మీద 25 వాట్లంటే 10 వోల్టులు. అదే 10 వోల్టులు నిలబెట్టగలిగితే 2 ఓముల మీద 50, ఒక ఓము మీద 100, అర ఓము మీద 200 వాట్లు అవుతాయి. మామూలు యాంప్లిఫైయర్ ఇంత దూరం రాదు. లోడు తగ్గేకొద్దీ దాని పవర్ సప్లయ్ కుంగిపోతుంది, లేదా ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. హెచ్‌సీసీఏ వరసను ఆ అర ఓము వైపు చూసే కట్టారు. అసలు యంత్రంలో ఎంతో కొంత కుంగుబాటు తప్పదు కనుక 200 అనేది కాగితం మీది పై హద్దే. కొలిస్తే తప్ప దాన్ని నిజమని రాయకూడదు.

చిన్న అంకె వేయడానికి కారణం ఆనాటి కార్ ఆడియో పోటీల్లో కనిపిస్తుంది. తయారీదారు ప్రకటించిన వాట్లను బట్టి కార్లను తరగతులుగా విడదీసేవారు. తక్కువ అంకె ఉన్న యాంప్లిఫైయర్‌తో చిన్న తరగతిలో దిగి, స్పీకర్లను అర ఓముకు కలిపి మోగిస్తే ఎదుటివాడు చిత్తు. వీటికి 'చీటర్ యాంప్' అన్న పేరు అలా వచ్చింది. నాకు ఆ పేరు పూర్తిగా న్యాయం అనిపించదు. 4 ఓముల దగ్గర చెప్పిన మాట అబద్ధం కాదు. ఏ వోల్టేజీ దగ్గర, ఏ లోడు మీద అని అడగని నిబంధనలదే లోపం.

దీనికి అవతలి కొస మన ఊళ్లవాళ్లకు బాగా తెలుసు. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీద, కంప్యూటర్ స్పీకర్ల డబ్బాల మీద 'పీఎంపీఓ' అని వేలల్లో వాట్లు అచ్చేసేవారు. ఎంతసేపు, ఎంత వక్రీకరణతో అన్న షరతు లేకపోతే అంకె ఎంతైనా పెరుగుతుంది. చవక కార్ యాంప్లిఫైయర్ల మీది 'మాక్స్ పవర్' కూడా ఆ తానులో ముక్కే. అమెరికాలో 1974 నాటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఇంట్లో వాడే యాంప్లిఫైయర్ల వాట్ల ప్రకటనలకు కళ్లెం వేసింది గానీ, కార్లకు వర్తించలేదు. కారు వైపు పరిశ్రమే 2003లో సీఈఏ-2006 అనే స్వచ్ఛంద ప్రమాణం తెచ్చుకుంది. దాని ప్రకారం 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల మీద, ఒక శాతానికి మించని వక్రీకరణతో కొలవాలి. పాత వస్తువు వయసు గుర్తించేవారికి ఇందులో ఇంకో లాభం ఉంది. ఆ ప్రమాణం ముద్ర ఉన్న పెట్టె 2003కు ముందుది కాజాలదు. ఆ ప్రమాణం తెచ్చిన పరిశ్రమ సంఘం సీఈఏ 2015లో సీటీఏగా పేరు మార్చుకుంది కాబట్టి, 'సీటీఏ-2006' అని ఉంటే ఇంకా తర్వాతిది. ముద్ర లేనంత మాత్రాన పాతదని మాత్రం తేల్చలేం. స్వచ్ఛంద ప్రమాణం కదా, పాటించనివాళ్లూ ఉంటారు.

పేర్లలోని అంకెలకు అందరూ ఒకే అర్థం పెట్టుకోలేదు. ఓరియన్ 225లో 25 ఒక్కో చానల్‌ది. రాక్‌ఫోర్డ్ ఫోస్గేట్ వారి పంచ్ 45లో 45 మాత్రం రెండు చానళ్లు కలిపిన మొత్తం, అంటే చానల్‌కు 22.5. ఈ రెండూ పక్కపక్కన పెట్టి రెండోది దాదాపు రెట్టింపు బలమైనదనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. రాక్‌ఫోర్డ్ వారు ఇంకో మంచి పనీ చేశారు. యాంప్లిఫైయర్‌తోపాటు 'బర్త్ సర్టిఫికెట్' అని ఒక కాగితం పెట్టేవారు. ఆ ఒక్క పెట్టెను పరీక్షించినప్పుడు వచ్చిన వాట్లు అందులో ఉంటాయి. సీరియల్ నంబరు సరిపోయిన ఆ కాగితం దొరికితే అంతకు మించిన పత్రసాక్ష్యం లేదు. అయితే అది పుట్టిన రోజు ఆరోగ్యం గురించే చెబుతుంది.

బ్రాండ్ పేరు కూడా బలహీనమైన సాక్ష్యమే. ఓరియన్, ప్రెసిషన్ పవర్ పేర్లు 2000ల మొదట్లో డైరెక్టెడ్ ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్లాయి. పేరు అదే, లోపలి సరుకు వేరు. అందుకే మూత విప్పాలి. చాలా ఐసీల మీద నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది. 9237 అంటే 1992లో 37వ వారం. బోర్డు మీద ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్త కోడ్ ఏదో, పెట్టె దానికి ముందు తయారై ఉండదు. ఇక్కడో మెలిక ఉంది. మధ్యలో మరమ్మతు జరిగి ఉంటే కొత్త ఐసీ మనల్ని దారి తప్పిస్తుంది. చుట్టుపక్కల భాగాలన్నీ 1992వై ఉండి ఒక్కటే 2004ది అయితే, దాని టాంకాలు చూడండి. మెరుపులో తేడా, చుట్టూ ఫ్లక్స్ మరక ఉంటే అది తర్వాత వేసిన భాగమని అనుమానించాల్సిందే.

బలం అంచనాకు అందరూ చేసేది ఫ్యూజుల లెక్క. 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండుంటే 60 ఆంపియర్లు. 14.4 వోల్టులతో హెచ్చిస్తే లోపలికి వెళ్లేది 864 వాట్లు. పాతవాటిలో ఎక్కువగా ఉండే క్లాస్ ఏబీ రకంలో సుమారు సగమే శబ్దంగా బయటికి వస్తుంది, మిగతాది హీట్‌సింక్‌ను కాలుస్తుంది. అంటే నాలుగు వందల వాట్ల చిల్లర. దీన్ని పైకప్పుగా తీసుకోవాలి తప్ప కొలతగా కాదు. 25 ఆంపియర్ల చోట 40ది దూర్చిన పాత యజమానులు తక్కువేం లేరు. అసలు కొన్ని పెట్టెల్లో ఫ్యూజే ఉండదు, బయట తీగ మీద పెట్టుకోవలసిందే.

ధర ఎంత అన్నదానికి వస్తే, నా దృష్టిలో వాట్ల కంటే ముందు ఆరోగ్యం చూడాలి. 'కారులోంచి తీసేటప్పుడు పనిచేసింది' అన్న మాటకు నేనైతే విలువ కట్టను. కరెంటు పరిమితి పెట్టగల 12 వోల్టుల సప్లయ్, లేదంటే వరసలో చిన్న ఫ్యూజు పెట్టి ఆన్ చేయాలి. పాటేమీ పెట్టకుండానే కరెంటు అమాంతం ఎగబాకితే పవర్ సప్లయ్‌లోనో అవుట్‌పుట్‌లోనో ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందన్నమాట. అది లేకపోతే స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజీ చూడాలి. కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. వోల్టుల్లో ఉంటే స్పీకర్ తగిలించకండి, కాయిల్ మాడిపోతుంది. ఆ తర్వాత 4 ఓముల రెసిస్టర్ మీద ఒక కిలోహెర్ట్జ్ టోన్ పంపి, అలల తలలు తెగడానికి ముందు ఎన్ని వోల్టులు వచ్చాయో రాసుకోవాలి. 10 వచ్చిందా, ఓరియన్ వారి 25 నిజమైనట్టే.

అమ్మేవాళ్లు అడుగుతున్న ధరల్ని పోగేసి సగటు తీయడం చాలామంది చేసే పొరపాటు. అడిగిన ధర కోరిక మాత్రమే. నిజంగా అమ్ముడైన ధరల్నే లెక్కలోకి తీసుకోవాలి, వాటిలోనూ పనిచేసేవీ చచ్చినవీ విడదీయాలి. పరీక్షించని పెట్టెను చచ్చినదాని ధరకే కొనడం మేలు. ముప్పై ఏళ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు డిక్కీ వేడిలో ఎండి ఉంటాయి. వాటిని మార్చే ఖర్చు ముందే తీసేసి బేరం మొదలుపెట్టాలి. కెపాసిటర్లు ఇప్పటికీ దొరుకుతాయి. తయారీ ఆగిపోయిన అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకే తిప్పలు. ఇంకా తిప్పలు ఆ మోడల్‌కే సరిపడే ప్లాస్టిక్ ప్లగ్గులకు. పవర్ తీగలు ఎక్కించే ఆ ప్లగ్గు పోయిందంటే, బోర్డు ఎంత బాగున్నా కొనేవాడు ముందు దాన్నే అడుగుతాడు.