మాసబ్‌ట్యాంక్ స్విచ్

హైదరాబాద్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి అయిదారు కిలోమీటర్లు పోతే మాసబ్‌ట్యాంక్. అక్కడి క్యాసిల్ హిల్స్‌లో ఉన్న బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీని రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించింది. హీరోల ఇళ్లు చూడ్డానికి ఊళ్లనుంచి వచ్చేవాళ్లెవరూ అటు తొంగిచూడరు గానీ, మన బ్యాంకులు ఒకదానితో ఒకటి మాట్లాడటం నేర్చింది చాలావరకు ఆ గూటిలోనే.

అంతకుముందు చెక్కు ఇస్తే చేతికో ఇత్తడి టోకెను వచ్చేది. గుమస్తా లెడ్జరు తిరగేసి నిల్వ చూడాలి, ఆఫీసరు నమూనా సంతకం కార్డు తీసి పోల్చాలి, ఆ తర్వాతే క్యాషియరు నంబరు పిలిచేవాడు. 1984లో రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో యంత్రాలు పెట్టమంది. ఉద్యోగాలకు ఎసరని ఉద్యోగ సంఘాలు అడ్డుపడ్డాయి. ఎక్కడ ఎన్ని పెట్టాలో కూడా ఒప్పందాలు రాసుకున్నాకే లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు లోపలికొచ్చాయి. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది, నిజమే; ఆ కార్డూ కాగితపు చీటీల మీదే నడిచింది.

కంప్యూటర్లొచ్చినా ఏ శాఖ లెక్క ఆ శాఖదే. తెలుగు సినిమా మద్రాసు నుంచి తరలివస్తున్న రోజుల్లో అక్కడి డబ్బు ఇక్కడ చేతికందాలంటే చాలావరకు డిమాండ్ డ్రాఫ్టే దిక్కు. కాబట్టి అసలు మలుపు కంప్యూటర్లు కాదు, వాటిని కలిపిన నెట్‌వర్క్ అంటాను. అలాంటిదే, ఐడీఆర్‌బీటీ కట్టిన ఇన్ఫినెట్, 1999లో వచ్చింది. 2004 ఆగస్టు 27న అదే సంస్థ చేతుల్లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ మూడు బ్యాంకులతో మొదలైంది. ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు ఏటీఎంలో పెడితే, 'ఇవ్వమంటారా?' అని సొంత బ్యాంకును అడిగి జవాబు తెచ్చేది ఈ స్విచ్చే. 2009 డిసెంబరులో దాన్ని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కి (ఎన్‌పీసీఐ) అప్పగించేనాటికి 37 బ్యాంకులు, సుమారు 50 వేల ఏటీఎంలు చేరాయి. అదే ఎన్‌పీసీఐ 2016లో యూపీఐ తెచ్చింది.

కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టు తాగే చాయ్‌కి ఇప్పుడు క్యూఆర్ కోడు చాలు. పెద్ద పెట్టుబడి సంగతి మాత్రం వేరు. బ్యాంకు అప్పు దొరికేలా సినిమాకు కేంద్రం పరిశ్రమ హోదా ప్రకటించింది 1998లో. అయినా ఫిల్మ్‌నగర్ నిర్మాత పెట్టుబడి కోసం నేటికీ ఎక్కువగా తొక్కేది ప్రైవేటు ఫైనాన్షియర్ గడపే.