పనోరమా

గ్రీకులో ‘పాన్’ అంటే అంతా, ‘హోరామా’ అంటే దృశ్యం. 18వ శతాబ్దం చివర ఈ జంటపదాన్ని ప్రచారంలోకి తెచ్చింది చిత్రకారుడు రాబర్ట్ బార్కర్. నగర దృశ్యాన్ని గుండ్రంగా చుట్టూ గీసి, జనాన్ని మధ్యలో నిలబెట్టి చూపించాడు, టికెట్టు పెట్టి మరీ!

ఆ పని ఇప్పుడు ఫొటోషాప్, హగిన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లది. ఉదాహరణకు, పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి, నక్షత్రాకారపు అరుగుతో సహా, దగ్గర్నుంచి ఒక్క ఫ్రేములో ఇమడదు. పక్కపక్క ఫొటోలు దాదాపు మూడోవంతు కలిసేలా తీస్తే, రెండింట్లోనూ ఉన్న గుర్తుల్ని పోల్చి సాఫ్ట్‌వేర్ అతుకుతుంది. అయితే లెన్స్ ఉన్నచోటే తిరగాలి. పక్కకు జరిగితే ముందున్న స్తంభం వెనక రాయి మీద జరిగి రెండుగా కనిపిస్తుంది. ఆ గుడి నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) దగ్గర ఆ తప్పు ఇట్టే పట్టుబడుతుంది. ఇలా ఫొటోలు కలపడాన్ని ఇంగ్లీషువాళ్లు కుట్టడం అంటారు. నాకైతే ‘అతకడం’ నయం.