మహమ్మారి దినములలో తోట దర్శనము

కనుమనాడు కాకియైనను కదలదని మన సామెత. ఆ మాటను ఏటేట మాకు చెప్పు మా అమ్మయే, 2022వ సంవత్సరము కనుమనాడు, "నాయనా, ఒక్కసారి గోదారి చూపించరా" అని యడిగినది. ఆమెకు ఎనుబది రెండేండ్లు. కరోనా వ్యాధి మూడవసారి విజృంభించుచున్న దినము లవి. రాత్రి కర్ఫ్యూ విధింప నిశ్చయించిన ప్రభుత్వము సైతము పండుగ దాటువరకు దానిని వాయిదా వేసియుండెను. నాకు జంకు కలిగెను.

జంకునకు కారణము కలదు. 2021 మే నెలలో, వీథిగాలి సోకునేమో యని భయపడి మేము కిటికీలన్నియు బిగించుకొంటిమి. రోగులును, ఆరోగ్యవంతులును ఒక్క గాలినే పీల్చితిమి. మా అన్నగారు మరి లేవలేదు. నాటినుండి అమ్మ గడప దాటలేదు.

పెద్దలారా, తోటకును వ్యాధికిని గల సంబంధము పాతది. కలరా మున్నగు రోగములు దుర్గంధపు గాలివలన పుట్టునని పూర్వపు వైద్యులు పెక్కురు నమ్మిరి. లండను నగరపు తూర్పుభాగమున పేదలు క్రిక్కిరిసి యుండిరి. అచ్చట నొక ఉద్యానవనము వేసినచో మరణములు తగ్గునని 1839లో విలియం ఫార్ అను గణాంకవేత్త వ్రాసెను. ముప్పదివేలమంది విక్టోరియా రాణికి అర్జీ పెట్టుకొనిరి. 1845లో విక్టోరియా పార్కు ప్రజలకు తెరువబడెను.

వారి పూనిక మంచిది. వారు చెప్పిన కారణము మాత్రము కలరా విషయమున తప్పు. 1854లో అదే నగరమున జాన్ స్నో అను వైద్యుడు, బ్రాడ్ వీథిలోని పంపునీరు త్రాగినవారికే రోగము మిక్కుటముగా వచ్చుచున్నదని లెక్కతీసి చూపెను. కలరా గాలిది కాదు, నీటిది.

అప్పటికి రెండేండ్ల ముందే, 1852లో, ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువనీరు మన పొలములకే గాక మంచినీళ్ళ చెరువులకును వచ్చెను. అన్నము పెట్టిన ఆ నీరే, ఎగువ ఊరివారు రోగి బట్టలు అందులో ఉదికినచో, దిగువ ఊరికి మరిడిని మోసికొని పోగలదు. మన పెద్దలు మరిడమ్మతల్లికి మ్రొక్కుకొనిరి. పెద్దాపురమున ఆషాఢమున నేటికిని జాతర జరుగుచున్నది. భక్తి మనసునకు ధైర్య మిచ్చును. నీటిని కాచి త్రాగుట ప్రాణమును నిలుపును. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

కరోనా త్రోవ వేరు. అది ఊపిరితో వెలువడి, మూసిన గదిలో గాలిలో నిలిచి, ఒకరినుండి మరియొకరికి సోకును. ఆరుబయట ఆ భయము మిక్కిలి తక్కువ. ఫార్ కోరిన తోట కలరాకు మందు కాలేదు గాని, నూటయెనుబది యేండ్ల పిమ్మట కరోనా దినములలో అట్టి తోటలే జనులకు ఊరట యయ్యెను.

ఇది తలపోసి, జనము చేరకముందే, మాస్కులు కట్టుకొని ధవళేశ్వరము పోయితిమి. కాటన్ మ్యూజియము లోపలి గదులలోనికి పోలేదు. వెలుపలి తోటలో ఒక చెట్టు నీడను, ఇతరులకు ఎడముగా కూర్చుంటిమి. తోట యనిన మాత్రమున పూర్తి రక్ష లేదు; అందును గుంపు కట్టినచో భయము పెరుగును. పిమ్మట గట్టుమీదికి పోయి అమ్మకు గోదావరిని చూపితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తుదకు, "పెద్దవాడికి ఈ గాలంటే ఎంత యిష్టమో" అన్నది. ఎనిమిది నెలలలో ఆమె నోట అన్నగారి మాట వినుట నా కదియే మొదలు.

ఆనాడు కిటికీలు తెరచియుండినచో మా అన్నగారు బ్రతికెడివారా? ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు. ఒక్కటి మాత్రము చెప్పగలను. మహమ్మారి వచ్చినప్పుడు భయపడుట తప్పు కాదు. అది ఏ త్రోవను వచ్చునో విచారింపకయే భయపడుట తప్పు. నీటి రోగమునకు గాలిని, గాలి రోగమునకు వీథిని నిందించి ప్రయోజనము లేదు.

ఆ సాయంకాలము ఇల్లు చేరగానే, అన్నగారి గది కిటికీని అమ్మ తన చేతులతోనే తెరచినది.