గిల్రే వ్యంగ్య చిత్రాలలో వారన్ హేస్టింగ్స్: ఒక చేయి, రెండు తీర్పులు

పద్దెనిమిదో శతాబ్దపు లండన్ వ్యంగ్య చిత్రాలను నాటి ప్రజాభిప్రాయానికి అద్దంగా భావించడం చరిత్రకారులకు అలవాటు. బెంగాల్ గవర్నర్ జనరల్‌గా పనిచేసి, ఆ పాలనపై పార్లమెంటులో విచారణ ఎదుర్కొన్న హేస్టింగ్స్‌పై జేమ్స్ గిల్రే వేసిన చిత్రాలు ఆ అలవాటును ఇబ్బంది పెడతాయి.

1786 మేలో గిల్రే వేసిన చిత్రంలో హేస్టింగ్స్ ఇండియాను కాపాడిన వీరుడు. ఒంటె మీద వస్తున్న అతనిపై పార్లమెంటులోని అతని ప్రత్యర్థులు బర్క్, ఫాక్స్, నార్త్ దారిదోపిడీ దొంగల్లా పడతారు. రెండేళ్లు తిరగకముందే, 1788 మార్చిలో, అదే గిల్రే అతణ్ణి రక్తసముద్రం దాటించాడు. నీళ్లలో తేలుతున్నవి భారతీయుల శవాలు. హేస్టింగ్స్ ఎక్కి కూర్చున్నది లార్డ్ ఛాన్సలర్ థర్లో భుజాలమీద, అంటే విచారణకు అధ్యక్షత వహిస్తున్నవాడి భుజాలమీదే. ముద్దాయిని న్యాయాధిపతే మోసుకుపోతున్నాడన్న ఆరోపణను ఏ కరపత్రమూ ఇంత పొదుపుగా చేసి ఉండదు.

అదే ఏడాది మే నెలలో వచ్చిన మరో చిత్రంలో బర్క్ మాయాదీపం ఆడించే గారడీవాడు. అతని దీపపు వెలుగులో చిన్న పురుగు ఏనుగవుతుంది, పులిపిరి పర్వతమవుతుంది. గోరంతను కొండంత చేయడం అక్షరాలా బొమ్మకట్టింది! దానికి పోటీగా, కొండను గోరంత చేసి చూపే హేస్టింగ్స్ బొమ్మ కూడా వెంటనే వెలువడింది.

ఇక్కడ అభిప్రాయం ఎవరిది? రాగిరేకు మీద ఆమ్లంతో గీతలు తొలిచి, అచ్చువేసి, చేత్తో రంగులద్ది అమ్మే సరుకు ఇది. రంగులు లేనిది సాధారణంగా ఒక షిల్లింగు, రంగులద్దినది రెండు. దినకూలీకి అది భారమే, అతనికి దుకాణం కిటికీయే ప్రదర్శనశాల. ఫోర్స్ వంటి వ్యాపారులు సాయంకాలపు విందులకు చిత్రసంపుటాలను అద్దెకిచ్చేవారు. బేరం రెండు పక్షాలతోనూ ఉంది. కాబట్టి ఏ చిత్రం ఎవరిని సమర్థించిందన్నదానికన్నా, వివరణ అక్కర్లేకుండా కొనుగోలుదారుకు ఏది అర్థమైందన్నదే గట్టి సాక్ష్యమని నా వాదన.

ఈ చిత్రాలలో హేస్టింగ్స్‌ను గుర్తుపట్టించేవి తలపాగా, డబ్బు సంచులు. వీరుడైనా దోషి అయినా ఆ వేషం పెద్దగా మారదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో గడించి తిరిగొచ్చి, పార్లమెంటు స్థానాలు కొంటున్న ‘నవాబుల’ మీద ఇంగ్లండు కులీనులకున్న కడుపుమంట ఆ తలపాగాలో ఉంది. బర్క్‌కు కళ్లద్దాలున్నాయి, ఫాక్స్‌కు దట్టమైన కనుబొమలున్నాయి. శవాలకు పేర్లు లేవు. హేస్టింగ్స్ పాలనలో బెంగాల్‌లో జరిగిందేమిటో తెలుసుకోవడానికి ఈ చిత్రాలు దాదాపు పనికిరావు. ఆ పాలన లండన్‌లో ఎవరి కుర్చీకి ముప్పు తెచ్చిందో చెప్పడానికి మాత్రం వీటిని మించినవి తక్కువ.

1788 ఫిబ్రవరి 13న వెస్ట్‌మినిస్టర్ హాలులో మొదలైన విచారణ 1795 ఏప్రిల్ 23న హేస్టింగ్స్ నిర్దోషి అన్న తీర్పుతో ముగిసింది. అప్పటికి ఫ్రెంచి విప్లవం, యుద్ధం గిల్రే రాగిరేకులను ఆక్రమించాయి.