చూపుడువ్రేలు - ఎదురువ్రాత

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో యుద్ధకాలపు గోడపత్రికల ప్రసక్తి యేల యని పాఠకులు శంకింపవచ్చును. ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ బెజవాడలో జరిగినది 1914 ఏప్రిల్ మాసమున. ఆ యేడే సెప్టెంబరు 5వ తేదీన లండనులో ఒక వారపత్రిక ముఖపుటపై ఆల్ఫ్రెడ్ లీట్ అను చిత్రకారుడు యుద్ధమంత్రి కిచెనరు బొమ్మను వేసెను. గుబురుమీసములు, నిలువుచూపు, చూచువాని గుండెకు గురిపెట్టిన చూపుడువ్రేలు! సైన్యమున చేరుమని ఆ వ్రేలు ఆజ్ఞాపించును. ఎందుకని యడుగుటకు చోటీయదు. ఎందుకని యడుగుట నేర్పునదే గ్రంథాలయము.

1917లో అమెరికాలో జేమ్స్ మాంట్‌గోమరీ ఫ్లాగ్ ఆ భంగిమనే గ్రహించి, తన ముఖమునే ఆధారముగా గొని, 'అంకుల్ శామ్' పటమును చిత్రించెను. అది నలుబది లక్షల ప్రతులకు పైగా అచ్చయినది. 1971లో వియత్నాం యుద్ధమును నిరసించినవారు ఆ అంకుల్ శామ్‌నే మరల గీసిరి. ఈసారి అతని గాయములకు కట్లున్నవి. ఆజ్ఞాపించిన చేయి యాచకుని చేతివలె చాచబడినది. యుద్ధమునుండి తన్ను బయట వేయుడని అతడే వేడుచున్నాడు.

ఇట్టి వ్యంగ్యమునకు ప్రాణము గుర్తింపు. పాత పటము జనుల మనస్సులందు నాటుకొనియుండుటచేతనే క్రొత్త పటము సూటిగా తగులును. మూలము మరచితిమా, వ్యంగ్యము వట్టి అలంకారమగును.

మన మన్యమున ఇట్టి పటములు గీచినవారి గాథ కాదు గాని, ఆ రీతికే చెందిన గాథ యొకటి కలదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము గిరిజనుల పోడు సేద్యమునకు సంకెల వేసెను. గూడెము తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులలో కూలీలను చాలీచాలని కూలితో పీడించెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దాడి జరిపెను. తుపాకులను గైకొని, తీసికొన్న ఆయుధముల వివరములను స్టేషను పుస్తకమునందే వ్రాసి సంతకము చేసెను. దొరతనమువారు ఉంచుకొన్న పుస్తకమది! అందు తిరుగుబాటుదారుడే రసీదు వ్రాసిన, నవ్వులపాలైనదెవరు? పాలకుల కాగితమునే పాలకులపై త్రిప్పుట యనగా నిదియే.

దొరతనమువారు ఆయన తలకు పదివేల రూపాయల వెల కట్టిరి. 1924 మే 7న కొయ్యూరు చెంత ఆయన కాల్చివేయబడెను. కాని కథ అంతటితో ముగియలేదు. అరకులోయతో గూడిన ఈ గిరిసీమ 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యైనది. పట్టి యిచ్చువారికి బహుమతి యని చాటబడిన పేరు నేడు ప్రభుత్వ కార్యాలయముల నామఫలకములపై నున్నది. ప్రకటన తిరుగవ్రాయబడినది, వ్రాసినది కాలము.

అయినను పేరు మాత్రము నిలిచిన చాలదు. పోడు సంగతి, కూలి సంగతి మరచినచో ఆ నామఫలకమును వట్టి అలంకారమే యగును. కావున మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు పుస్తకములతోపాటు గోడలను గూడ చదువవలెను. ఏ పటమైనను మనవైపు వ్రేలు చూపినప్పుడు, ఆ చేయి ఎవరిది, అది మననేమి కోరుచున్నది యని విచారింపవలెను. ఆ విచారణకు వలసిన జ్ఞాపకమును భద్రపరచుటయే గ్రంథాలయము చేయదగిన సేవ.