హనోయి పరిశోధకులు, వారి బత్తెము

విశ్వవిద్యాలయములలో ‘ఫెలోషిప్’ అను మాట నేడు సర్వసాధారణము. పరీక్షలు ముగించిన యువకునకు కొన్నియేండ్లు బత్తెమిచ్చి, ‘నీకు నచ్చిన గ్రంథమును చదువుము, నీకు నచ్చిన శాసనమును పరిశీలింపుము’ అని విడిచిపెట్టుటయే దీని తాత్పర్యము. ఇంతవరకు కథ సులభము. ఆ సొమ్ము ఎవరిది, పుచ్చుకొన్నవాడు ఎవరికి ఏమి తిరిగి యిచ్చెను అని అడిగినపుడే కథ చిక్కుపడును. ఆసియా దేశముల చరిత్రను గూర్చిన పరిశోధనలో ఈ చిక్కు మిక్కిలి స్పష్టముగా కనబడు తావు హనోయి నగరము.

1898 డిసెంబరులో నాటి ఫ్రెంచి ఇండోచైనా గవర్నరు జనరల్ పాల్ డూమేర్ సైగాను నగరమున ఒక పురావస్తు పరిశోధక సంఘమును నెలకొల్పెను. 1900లో దానికి ‘ఎకోల్ ఫ్రాంసేజ్ దెక్స్త్రేమ్ ఓరియాఁ’, అనగా దూరప్రాచ్య ఫ్రెంచి విద్యాపీఠము అను పేరు వచ్చెను. కొలది కాలమునకే అది హనోయికి తరలెను. 1846లోనే ఫ్రెంచివారు ఏథెన్సులో ఇట్టి పీఠమును స్థాపించి, గ్రీకు నేర్చిన యువకులను గ్రీసు నేలమీదనే నివసింపజేసిరి. ఆ పద్ధతి ఆసియాకును రావలెనని కోరినవారు ఒగ్యుస్త్ బార్త్, ఎమిల్ సెనార్ మున్నగు పారిస్ సంస్కృత పండితులు. మన అశోకుని శాసనములను పరిష్కరించిన సెనార్ ఈయనయే. కంబోడియాలోని సంస్కృత శాసనములను బార్త్ పండితుడు కాగితపు అచ్చులనుబట్టి చదివి ప్రకటించియుండెను. ఆ రాళ్ల చెంతనే నిలిచి చదువు తరమొకటి రావలెనని ఆ పెద్దల కోరిక. సంస్కృతజ్ఞుడైన లూయీ ఫినో పీఠమునకు తొలి అధ్యక్షుడాయెను.

సొమ్ము పారిస్ నుండి రాలేదు. ఇండోచైనా బొక్కసమే ఈ వ్యయమును భరించెను. డూమేర్ ఆ బొక్కసమును నింపిన తీరు చరిత్రలో ప్రసిద్ధము: సుంకములు, వానితోపాటు ఉప్పు, సారాయి, నల్లమందుల గుత్తాధికారము. ఉప్పుపన్నును ఎరిగిన మనకు దీనిని విప్పిచెప్ప బనిలేదు. టాంకిన్ పల్లెలో ఉప్పు కొన్న రైతు తనకు తెలియకయే ఒక సంస్కృత పండితుని పోషించినాడు!

ఆ పోషణ పొందిన తొలివారిలో పాల్ పెల్యో ఒకడు. అప్పటికి ఇరువదియొక్క యేండ్లవాడు. చీనా గ్రంథములు కొనుటకై పీఠము వానిని 1900లో పెకింగుకు పంపగా, బాక్సరుల తిరుగుబాటులో విదేశీ రాయబార కార్యాలయములతోపాటు అతడును ముట్టడిలో చిక్కెను. కాల్పులు ఆగిన వేళ ఒంటరిగా శత్రువుల పంక్తులలోనికి పోయి, వారితో ముచ్చటించి, పండ్లు తీసికొని తిరిగివచ్చినాడట. పుస్తకములు కొనవచ్చినవానికి ఫ్రెంచి ప్రభుత్వము వీరపతకమిచ్చెను. మా దృష్టిలో అంతకు మించిన పని అతడు 1902లో చేసెను. 1296-97లో కంబోడియాకు వచ్చిన చీనా రాయబార బృందములోని జౌ దాగ్వాన్ అనునతడు వ్రాసిన వృత్తాంతమును పీఠపు పత్రికలో అనువదించి ప్రకటించెను. ఆంగ్కోర్ శాసనములలో రాజుల ప్రశస్తి కలదు, దేవుళ్ల స్తుతి కలదు. ఆంగ్కోర్ సంతలో బేరమాడిన స్త్రీలు, వారి యిండ్లు, వంటపాత్రలు మాత్రము ఈ చీనావాని కన్నుల ద్వారానే మనకు తెలిసినవి.

అదే పెల్యో 1908లో చీనా పడమటి సరిహద్దున తున్‌హ్వాంగ్ గుహ చేరెను. ఆ చిన్న గదిలో క్రొవ్వొత్తి వెలుగున కూర్చుండి దినమునకు వేయి వ్రాతచుట్టల వంతున మూడు వారములు పరిశీలించెను. ఏరిన వేలకొలది ప్రతులకు గుహను కాచుచున్న సన్యాసికి ముట్టజెప్పినది 500 తైలుల వెండి. మరుసటియేడు పెకింగులో కొన్నింటిని చీనా పండితులకు చూపగా వారు నివ్వెరపోయి, మిగిలినవానినైనను రాజధానికి తెప్పింపుడని తమ ప్రభుత్వమును తొందరచేసిరి. పెల్యో పాండిత్యమును తక్కువచేయలేము. అయినను ఆ చీనా పండితుల ఆవేదనయే న్యాయమైనదని మేము తలచెదము.

జార్జి సేడేస్ కథలో ఇట్టి మచ్చ లేదు. అతడు పీఠమున 1911లో చేరెను. బాంకా ద్వీపమున కోట కపూర్ అనుచోట దొరికిన 686 నాటి శాసనములో ‘శ్రీవిజయ’ అను మాట యున్నది. డచ్చి పండితుడు కెర్న్ దానిని రాజు పేరనుకొనెను. సేడేస్ ఆ శాసనము ప్రక్కన రాజేంద్రచోళుని తంజావూరు శాసనమును, నాగపట్టణపు విహారమును పేర్కొను చోళుల తామ్రశాసనమును, చీనా యాత్రికుల వ్రాతలను నిలిపి చూచి, శ్రీవిజయము వ్యక్తి కాదు, సుమత్రా ద్వీపపు పాలెంబాంగు రాజధానిగాగల రాజ్యమని 1918లో నిరూపించెను. మరచిపోయిన ఒక సముద్రసామ్రాజ్యము ఒక్క వ్యాసముతో చరిత్రకెక్కెను. శ్రీవిజయముపై ఓడలు నడిపిన ఆ రాజేంద్రుడే మన రాజమహేంద్రవరపు రాజరాజనరేంద్రునకు మామగారు, అనగా నన్నయభట్టు పోషకునకు పిల్లనిచ్చినవాడు. కనుక ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

వియత్నాం నడిమిభాగమున దోంగ్ దువోంగ్ వద్ద 1911లో మీటరునకు మించిన కంచు బుద్ధవిగ్రహము బయల్పడినపుడు కూడ పండితుల చూపు కృష్ణాతీరముపై పడెను. వస్త్రపు మడతలలో అమరావతి పోలిక కలదని పలువురు వ్రాసిరి. సింహళమున పోతపోసినదని ఇతరులు వాదించిరి. వాదము నేటికిని తెగలేదు.

ఈ బత్తెము సుఖజీవనమని భ్రమపడరాదు. 1904లో ఓదాందాల్ అడవి జాతులవారి చేతిలో హతుడాయెను. అదే యేట కార్పో రోగముచే మరణించెను. 1916లో ఆంగ్కోర్ ఆలయముల సంరక్షకుడు కొమాయ్ కూలీల జీతపు పైకము తెచ్చుచుండగా దొంగలు చంపిరి. 1908లో హనోయి చేరి చీనా చరిత్రలో అద్వితీయుడైన ఆన్రీ మాస్పెరో, కుమారుడు నాజీలకెదురుతిరిగిన కారణమున బంధింపబడి, 1945 మార్చిలో బుహెన్‌వాల్డు శిబిరములో ప్రాణములు విడిచెను.

మన దేశమునుండి ఆ వైపు వెళ్లినవారును కలరు. 1920ల తొలినాళ్లలో ప్రబోధచంద్ర బాగ్చీ కలకత్తా విశ్వవిద్యాలయమిచ్చిన రాసవిహారీ ఘోష్ ప్రయాణవేతనముతో ఇండోచైనాకు పోయి, ఫినో ప్రభృతుల చెంత పనిచేసి, హనోయిలో చీనా భాష నభ్యసించెను. తరువాత విశ్వభారతికి ఉపాధ్యక్షుడైనది ఈయనయే. ఇది ఒక భారతీయ విశ్వవిద్యాలయము భారతీయునకిచ్చిన సొమ్ము. ఉప్పు కొన్న ఆ దేశస్థునకు మాత్రము పీఠములో పరిశోధకుని ఆసనము చాలకాలము దక్కలేదు. పారిస్‌లో పట్టము పొందిన న్గుయెన్ వాన్ హుయెన్ అను వియత్నాం విద్వాంసుడు పూర్తి సభ్యుడగుటకు నలుబదియేండ్లు పట్టెను. ఆయన 1946 నుండి 1975లో కన్నుమూయువరకు హో చి మిన్ స్థాపించిన ప్రభుత్వమున విద్యాశాఖామాత్యుడు. ఫినో పేరిట కట్టిన హనోయి ప్రదర్శనశాల 1958లో వియత్నాం చరిత్రశాలగా మారెను.

పీఠము పారిస్‌కు తరలినను ఆసియాను విడువలేదు. 1993లో హనోయి శాఖ మరల తెరువబడినది. 1955లో ఫిలియోజా పండితుడు పుదుచ్చేరిలో ఏర్పరచిన శాఖ నేటికిని పనిచేయుచున్నది. అచటి శైవాగమ తాళపత్రములను 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. పీఠపు తొలి మహిళా సభ్యురాలు సుజాన్ కార్పెలేస్ కూడ చివరకు ఆ పుదుచ్చేరికే చేరినది. ఆమె 1930లో నోంపెన్ నగరమున బౌద్ధ విద్యాసంస్థను నెలకొల్పి, పాళీ గ్రంథములను ఖ్మేరు భాషతో అచ్చువేయించి భిక్షువుల చేతికందించినది. యూదురాలను కారణమున 1941లో ఆమెను కొలువునుండి తొలగించిరి. శ్రీ అరవిందాశ్రమమున నివసించి ఆమె 1968లో మరణించినది.